ఇబ్న్ రుష్ద్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తత్వశాస్త్రం కలిసి చదువుకునే మా చిన్న బృందంలో, పన్నెండో శతాబ్దపు అరబ్బీ తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ పేరు ఎత్తిన ప్రతిసారీ అవే సందేహాలు వస్తాయి. కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు, ఏడాది తిరిగాక వాళ్లు వెంటబెట్టుకొచ్చిన స్నేహితులు మళ్లీ అవే అడుగుతారు. అందుకని వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, ఒక్కోదానికి నాకు తెలిసిన జవాబు ఇక్కడ పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఫరవాలేదు.

ఒక్క మాట ముందే చెబుతాను. నా దృష్టిలో ఇబ్న్ రుష్ద్ అన్నిటికన్నా ముందు న్యాయమూర్తి. అవతలివాడు చెప్పుకునేదంతా విన్నాకే తీర్పు చెప్పడం న్యాయస్థానంలో పట్టుబడిన అలవాటు. తత్వంలోకి వచ్చాక కూడా ఆయన దాన్ని వదల్లేదు. ఆయన మీద నాకున్న గౌరవమంతా అక్కడే ఉంది.

## పేరు, ఊరు, ఉద్యోగం

అవెరోస్ అనీ ఇబ్న్ రుష్ద్ అనీ రాస్తున్నారు. ఇద్దరా, ఒక్కరేనా?

ఒక్కరే. పూర్తి పేరు అబుల్ వలీద్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ ఇబ్న్ రుష్ద్. ఈ పేరు అరబ్బీ నుంచి హీబ్రూకీ, అక్కడి నుంచి లాటిన్‌కీ చేరేసరికి నోళ్లలో నలిగి 'అవెరోస్' అయింది. 1126లో కార్డోబాలో పుట్టారు, 1198 డిసెంబరులో మర్రకేష్‌లో పోయారు. అరబ్బీ పుస్తకాల్లో ఆయన్ని 'అల్ హఫీద్', అంటే మనవడు, అని కూడా రాస్తారు. తాతగారి పేరూ అబుల్ వలీద్ ముహమ్మదే. ఆయనా పెద్ద న్యాయపండితుడే, పైగా మనవడు పుట్టిన ఏడాదే కన్నుమూశారు. అందువల్ల ఇద్దరినీ కలిపేసే పొరపాటు తరచుగా జరుగుతుంది. న్యాయశాస్త్ర గ్రంథాల్లో పేరు కనిపించినప్పుడు తాతా, మనవడా అని ఒకసారి చూసుకోండి.

స్పెయిన్‌లో పుట్టాడు కదా, మరి అరబ్బీ తత్వవేత్త ఎలా అయ్యాడు?

అప్పటి దక్షిణ స్పెయిన్ అల్ అందలుస్‌లో భాగం. అక్కడ చదువుకూ, కొలువుకూ, కోర్టుకూ అరబ్బీయే భాష. ఆయన యౌవనంలో ఉత్తరాఫ్రికా నుంచి పాలిస్తున్న అల్మొరావిద్‌లు కూలిపోయి, వాళ్ల స్థానంలోకి అల్మొహాద్‌లు వచ్చారు. వీళ్ల రాజధాని మర్రకేష్. అందుకే ఆయన జీవితమంతా కార్డోబా, సెవిల్, మర్రకేష్‌ల మధ్య తిరగడంతోనే గడిచింది. 'స్పానిష్ తత్వవేత్త' అని ఇప్పటి పాస్‌పోర్టు లెక్కలో చెబితే ఆ లోకం మనకు కనబడదు.

ఖాజీ అంటారు, డాక్టర్ అంటారు, ఫిలాసఫర్ అంటారు. ఆయన అసలు ఉద్యోగం ఏంటి?

జీతం వచ్చిన ఉద్యోగాలు రెండు: న్యాయం, వైద్యం. మన దగ్గర ఖాజీ అనగానే నిఖా చదివించి రిజిస్టరులో రాసుకునే పెద్దమనిషి గుర్తొస్తారు. ఆ కాలపు ఖాజీ మాత్రం ఆస్తి తగాదాలు, వారసత్వాలు, నేరాలు అన్నీ విచారించే న్యాయమూర్తి. ఇబ్న్ రుష్ద్ 1169లో సెవిల్‌కి ఖాజీ అయ్యారు, 1171లో కార్డోబాకి వచ్చారు, 1179లో మళ్లీ సెవిల్ వెళ్లారు. 1182లో అప్పటిదాకా ఆ పని చేసిన తత్వవేత్త ఇబ్న్ తుఫైల్ తప్పుకోవడంతో అల్మొహాద్ పాలకుడైన ఖలీఫాకు ఆస్థాన వైద్యుడయ్యారు. కొద్దికాలానికే తాత కూర్చున్న పీఠమైన కార్డోబా ప్రధాన ఖాజీ పదవి కూడా దక్కింది.

తత్వగ్రంథాలన్నీ ఈ పనుల మధ్య మిగిలిన వేళల్లో రాసినవే. ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన చదువు ఆపింది రెండే రాత్రులని, ఒకటి తండ్రి పోయిన రాత్రి, రెండోది పెళ్లి రాత్రి అని పాత జీవితచరిత్రకారులు రాశారు. లెక్క ఎంత కచ్చితమో గానీ, ఆయన రాసిన పేజీలు చూస్తే నమ్మబుద్ధవుతుంది.

ఖలీఫా అడిగితే తనకు ఫిలాసఫీ రాదని చెప్పాడట. నిజమేనా?

ఇబ్న్ రుష్ద్ శిష్యుడొకరు చెప్పగా విన్నానని అబ్దుల్ వాహిద్ అల్ మర్రాకుషీ అనే చరిత్రకారుడు రాసిపెట్టిన సంఘటన ఇది. సుమారు 1169. ఇబ్న్ తుఫైల్ ఆయన్ని ఖలీఫా అబూ యాకూబ్ యూసుఫ్ దగ్గరికి తీసుకెళ్లారు. పేరు, వంశం అడిగాక ఖలీఫా వేసిన తొలి ప్రశ్న: "ఆకాశం గురించి తత్వవేత్తలు ఏమంటారు? అనాదిగా ఉందంటారా, సృష్టి అయిందంటారా?"

ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా తల మీదికి రావచ్చు. అనాది అంటే మతద్రోహం, సృష్టి అంటే అరిస్టాటిల్ చదవనట్టు. ఇబ్న్ రుష్ద్ భయపడి, తాను తత్వం జోలికే పోలేదని తప్పించుకోబోయారు. ఖలీఫా అది గమనించి ఇబ్న్ తుఫైల్ వైపు తిరిగి, అరిస్టాటిల్, ప్లేటో ఏమన్నారో, ఇస్లాం పండితులు ఏమని ఖండించారో తానే చెప్పుకుంటూ పోయాడు. అది విన్నాక ఈయన భయం తీరి నోరు విప్పారు. వెళ్లేటప్పుడు డబ్బు, ఖరీదైన అంగీ, స్వారీకి ఒక జంతువు బహుమానంగా అందాయి. ఆ తరువాతే అరిస్టాటిల్‌ను అర్థమయ్యేలా వివరించమన్న ఖలీఫా కోరిక ఇబ్న్ తుఫైల్ ద్వారా ఆయనకు చేరింది.

## రాసిన గ్రంథాలు

గ్రీకు రాదట కదా, మరి అరిస్టాటిల్‌కి వ్యాఖ్యానం ఎలా రాశాడు?

గ్రీకు రాదు, సిరియాక్ కూడా రాదు. రెండు మూడు వందల ఏళ్ల ముందు బాగ్దాద్‌లో తయారైన అరబ్బీ అనువాదాలే ఆయనకు ఆధారం. వాటిలో కొన్ని మెలికపడి ఉంటాయి. ఒకే గ్రంథానికి ఒకటికి మించి అనువాదాలు దొరికినప్పుడు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని మాట పొసగకపోతే రెండోదాన్ని చూసి అరిస్టాటిల్ ఉద్దేశం ఏమై ఉంటుందో తేల్చేవారు. సాక్షుల మాటలు పొంతన కుదరనప్పుడు న్యాయమూర్తి చేసే పనే ఇది.

మూడు రకాల వ్యాఖ్యానాలు అంటారు. తేడా ఏంటి?

చిన్నవి, మధ్యరకం, పెద్దవి. చిన్నవాటిలో గ్రంథసారం తన మాటల్లో చెబుతారు. మధ్యరకంలో మూలం వెంటే నడుస్తూ, కష్టమైన చోట విప్పి చెబుతారు. పెద్దవి మన భాష్యాల లాంటివి: మూలంలోని ఒక్కో భాగం మొత్తంగా ఎత్తిరాసి, దాని కింద మాట మాటకూ వివరణ. ఈ పెద్ద వ్యాఖ్యానాలు అరిస్టాటిల్ గ్రంథాల్లో ఐదింటికే రాశారు: తర్కంలో నిరూపణ గ్రంథం, భౌతికశాస్త్రం, ఆకాశం, ఆత్మ, తత్వమీమాంస (మెటాఫిజిక్స్).

ఆయన వ్యాఖ్యానాల్లో తప్పులే లేవా?

ఉన్నాయి. అన్నిట్లో ప్రసిద్ధమైనది కావ్యశాస్త్రంలో ఉంది. అరిస్టాటిల్ ట్రాజెడీ, కామెడీ గురించి రాస్తే, పదో శతాబ్దంలో అబూ బిష్ర్ మత్తా చేసిన అరబ్బీ అనువాదంలో అవి 'స్తుతి', 'నింద' అయిపోయాయి. ఇబ్న్ రుష్ద్ చుట్టూ రంగస్థలం అనేదే లేదు. నాటకం చూడని మనిషి నాటకశాస్త్రానికి వ్యాఖ్యానం రాయాల్సి వచ్చింది. ఆయన అరబ్బీ కవుల పద్యాలు, ఖురాన్ కథలు ఉదాహరణలుగా తీసుకుని స్తుతికావ్యం ఎలా ఉండాలో చెప్పుకుంటూ పోయారు.

దీన్ని చూపించి నవ్వేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ పుస్తకం చదువుతుంటే, తన సాహిత్యంలో ఏది మనసును కదిలిస్తుందో అంత శ్రద్ధగా వెతికిన పాఠకుడు కనిపిస్తాడు. పైగా 1256లో టొలెడోలో హెర్మన్ అనే పండితుడు దాన్ని లాటిన్‌లోకి తెచ్చాక, యూరప్ చాలాకాలం అరిస్టాటిల్ కావ్యశాస్త్రాన్ని ఈ పుస్తకం ద్వారానే చదువుకుంది.

ఆడవాళ్ల గురించి ఆ రోజుల్లోనే గొప్పగా రాశాడంటారు. ఏం రాశాడు?

అరిస్టాటిల్ రాజనీతి గ్రంథం దొరక్కపోవడంతో ఆయన ప్లేటో 'రిపబ్లిక్'కి వ్యాఖ్యానం రాశారు. అరబ్బీ మూలం పోయింది, హీబ్రూ అనువాదం మిగిలింది. అందులో తన ఊళ్ల గురించి ఒక మాట అంటారు: ఈ నగరాల్లో స్త్రీల సామర్థ్యం ఏమిటో తెలియకుండా పోతోంది, వాళ్లను పిల్లల్ని కనడానికీ పెంచడానికీ మాత్రమే వాడుకోవడం వల్ల మొక్కల్లా అయిపోతున్నారు, ఈ నగరాల పేదరికానికి అదీ ఒక కారణం. ప్లేటో రాసినదాన్ని వివరిస్తూ మధ్యలో ఆపి, తన కళ్లముందున్న ఊరిని చూపించి చెప్పిన మాట ఇది.

న్యాయశాస్త్రంలోనూ ఇలాంటి చోటొకటి ఉంది. స్త్రీ న్యాయమూర్తి కావచ్చా అన్న ప్రశ్నకు, పాత న్యాయపండితుల్లో కాకూడదని ఎక్కువమంది అన్నారని, ఆస్తి వ్యవహారాల్లో కావచ్చని అబూ హనీఫా అన్నారని, ఏ విషయంలోనైనా కావచ్చని తబరీ అన్నారని మూడూ వరసగా పెట్టి, ఎవరి తర్కం ఏమిటో రాశారు. అయితే ఈనాటి స్త్రీవాదాన్ని ఆయన నోట పెట్టకండి. ఆయన అన్నంతవరకే చాలా బరువైనది.

వైద్యంలో ఏం చేశాడు? ఇబ్న్ సీనా అంత పేరు ఎందుకు రాలేదు?

'కుల్లియాత్' అనే ఏడు భాగాల గ్రంథం రాశారు. కుల్లియాత్ అంటే సాధారణ సూత్రాలు. రోగాలవారీ చికిత్సల పుస్తకం తన మిత్రుడు ఇబ్న్ జుహ్ర్ రాశారని, రెండూ కలిపి చదవమని ఆయనే చెప్పారు. కుల్లియాత్ 1255లో ఇటలీలోని పాదువాలో లాటిన్‌లోకి వెళ్లి 'కొల్లిగెత్' పేరుతో పాఠ్యపుస్తకమైంది. అంతకు ముందరి వైద్యుడు, తత్వవేత్త ఇబ్న్ సీనా (అవిసెన్నా) రాసిన 'ఖానూన్'లో సూత్రాలూ చికిత్సలూ మందులూ అన్నీ ఒకేచోట దొరుకుతాయి, వైద్యుడికి అదే సుఖం. చార్మినార్ దగ్గర నిజామియా తిబ్బీ కాలేజీలో యునానీ చదివే విద్యార్థులకు ఇప్పటికీ కుల్లియాత్ అనే సబ్జెక్టు ఉంటుంది. ఆ మాట యునానీ వైద్యమంతటిదీ, ఈయన ఒక్కరిదే కాదు.

నక్షత్రాలు చూసి భూమి గుండ్రంగా ఉందన్నాడా?

భూమి గుండ్రమని అరిస్టాటిల్ ఎప్పుడో చెప్పారు, ఆ కాలపు పండితులకు అది కొత్త కాదు. ఇబ్న్ రుష్ద్ చేసింది దాన్ని కళ్లతో సరిచూసుకోవడం. 1153లో మర్రకేష్ వెళ్లినప్పుడు, కార్డోబాలో ఎన్నడూ కనబడని సుహైల్ నక్షత్రం అక్కడ కనిపించింది. సుహైల్ అంటే మన అగస్త్య నక్షత్రమే. మనకు చలికాలం రాత్రుల్లో దక్షిణాన తేలిగ్గా కనిపిస్తుంది, కార్డోబాలో మాత్రం దిగంతం మీదికి రాదు. దక్షిణానికి కొన్ని వందల మైళ్లు జరిగితే కొత్త చుక్క పైకి వచ్చిందంటే నేల వంపు తిరిగి ఉన్నట్టే కదా. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు.

పాతకాలపు గ్రీకు ఖగోళజ్ఞుడు టాలెమీ లెక్కలు పనికొస్తున్నాయి గానీ అందులోని వలయాల మీది వలయాలు నిజంగా ఆకాశంలో ఉండే వీల్లేదని ఆయన వాదం. సరైన నమూనా తానే కడదామని వయసులో ఉండగా ఆశపడ్డానని, ముసలితనంలో ఆ ఆశ వదులుకున్నానని తత్వమీమాంస మీది పెద్ద వ్యాఖ్యానంలో రాసుకున్నారు.

## గజాలీతో వాదం

గజాలీ, ఇబ్న్ రుష్ద్ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారా?

లేదు. ఇస్లాం మతపండితుడు గజాలీ 1111లోనే చనిపోయారు. ఈయన పుట్టింది ఆ తరువాత పదిహేనేళ్లకు. గజాలీ 1095లో 'తహాఫుతుల్ ఫలాసిఫా' (తత్వవేత్తల అసంగతి) రాసి తత్వవేత్తల సిద్ధాంతాలు ఇరవై తీసుకుని ఖండించారు. వాటిలో మూడింటిని ఏకంగా మతద్రోహమన్నారు: లోకం అనాది అనడం, దేవుడికి సాధారణ విషయాలే తెలుసు, ఒక్కొక్క విషయం విడిగా తెలియదు అనడం, దేహంతో పునరుత్థానం లేదనడం. ఇబ్న్ రుష్ద్ జవాబు 'తహాఫుతుల్ తహాఫుత్' (ఆ అసంగతికే అసంగతి) సుమారు 1180లో వచ్చింది.

ఆ పుస్తకం తెరిస్తే ముందు కనిపించేవి గజాలీ మాటలే. 'అబూ హామిద్ (అంటే గజాలీ) అన్నారు' అని ప్రతిపక్షం వాదన పేరాలకు పేరాలు ఎత్తిరాసి, కింద 'నేనంటాను' అని మొదలుపెడతారు. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం పెట్టి సిద్ధాంతం చెప్పే పద్ధతి తెలిసినవారికి ఇది పాత చుట్టంలా అనిపిస్తుంది. గజాలీ వాదన సరైన చోట సరైనదనే ఒప్పుకున్నారు. ఇబ్న్ సీనా పొరబడ్డ చోట తప్పు ఇబ్న్ సీనాదే, అరిస్టాటిల్‌ది కాదు అని తేల్చారు.

ఆ నిప్పు, దూది గొడవ ఏంటి?

దూదికి నిప్పు అంటిస్తే కాలుతుంది. కాల్చింది నిప్పేనా? గజాలీ అంటారు: మనం చూసింది నిప్పు తగిలింది, దూది కాలింది, అంతే. నిప్పు వల్ల కాలిందన్నది మనం చూడలేదు. దేవుడు రెండింటినీ పక్కపక్కన సృష్టించాడు, తలచుకుంటే నిప్పు తగిలినా కాలకుండా ఉంచగలడు.

చాలా పదునైన వాదన ఇది, తేలిగ్గా తీసిపారేయలేం. ఇబ్న్ రుష్ద్ జవాబు: వస్తువులకు స్వభావం ఉండబట్టే వాటికి వేర్వేరు పేర్లున్నాయి. కాల్చే గుణం లేకపోతే దాన్ని నిప్పు అనడమెందుకు? బుద్ధి చేసే పనల్లా కారణాలతో వస్తువులను తెలుసుకోవడమే. కారణాలు లేవన్నవాడు బుద్ధినే లేదన్నవాడవుతాడు. ఇంకో పోటు కూడా ఉంది: కారణమే లేదంటే ఆ మాట కూడా తెలిసి చెప్పినట్టు కాదు, ఎందుకంటే తెలియడమంటేనే కారణం తెలియడం.

గజాలీ వల్లే ముస్లిం ప్రపంచంలో సైన్స్ ఆగిపోయిందంటారు. ఒప్పుకుంటారా?

ఒప్పుకోను. గజాలీ గణితాన్నీ తర్కాన్నీ కాదనలేదు, తర్కాన్ని మదరసాలోకి తెచ్చినవాళ్లలో ఆయనొకరు. ఆయన పోయిన నూటయాభై ఏళ్లకు ఖగోళజ్ఞుడు నసీరుద్దీన్ తూసీ ఇరాన్‌లోని మరాఘాలో వేధశాల నడిపించారు, టాలెమీ లెక్కలను సరిదిద్దే పని అక్కడే ఊపందుకుంది. ఒక్క పుస్తకం ఒక నాగరికతను ఆపేసిందన్న కథ చెప్పుకోవడానికి తేలిక, అంతే. గజాలీని ఇబ్న్ రుష్ద్ చదివినంత శ్రద్ధగా చదివితే ఆ మాట అనబుద్ధి కాదు.

ఆయన లోపల నాస్తికుడని, 'మతానికో నిజం, తత్వానికో నిజం' అన్నాడని చదివాను.

ఆయన అన్నది దానికి పూర్తిగా ఎదురు: సత్యం సత్యంతో విభేదించదు. 'ఫస్లుల్ మకాల్' అనే చిన్న గ్రంథంలో ఉందీ వాక్యం. ఆ గ్రంథం తీరే చూడండి. తత్వం చదవడం షరియా ప్రకారం నిషిద్ధమా, అనుమతమా, విధా అని ఖాజీ ముందుకు వచ్చిన కేసులా మొదలవుతుంది. 'చూపున్నవారలారా, ఆలోచించండి' అన్న ఖురాన్ వాక్యాన్ని ప్రమాణంగా పెట్టుకుని, సామర్థ్యం ఉన్నవాళ్లకు అది విధి అని తీర్పు వస్తుంది.

గ్రీకులు మన మతంవాళ్లు కాదు కదా అన్న ఆక్షేపణకు ఆయన చూపింది బలి ఇచ్చే కత్తి. కత్తి పదునుగా, శాస్త్రం చెప్పినట్టు ఉందా అని చూస్తాం గానీ, చేసినవాడి మతం అడగం కదా అంటారు. తత్వం చదివి కొందరు దారితప్పారు కాబట్టి అందరికీ మాన్పించాలన్నవారికి ఇంకో ఉపమానం: నీళ్లు తాగుతూ ఒకడికి పొలమారి చచ్చాడని, దాహంతో ఉన్నవాడికి నీళ్లివ్వకుండా చంపేయడం లాంటిదట.

ఖురాన్ పైమాటకూ నిరూపణకూ పొత్తు కుదరనప్పుడు ఆ మాటకు లోతైన అర్థం చూడాలని, ఆ అర్థాన్ని అందరి ముందూ పరచకూడదని కూడా రాశారు. ఈ రెండో మాట నాకు మింగుడుపడదు. మామూలు జనాన్ని తక్కువ అంచనా వేసినట్టు అనిపిస్తుంది. 'రెండు నిజాల' ఆరోపణ మాత్రం తరువాత పారిస్‌లో ఆయన అభిమానుల మీద పడింది, అదే ఆయన పేరుకూ అంటుకుంది.

## చివరి రోజులు

అంత పెద్ద పదవిలో ఉన్నవాణ్ణి ఎందుకు వెళ్లగొట్టారు?

1195లో అబూ యాకూబ్ యూసుఫ్ కొడుకు, ఖలీఫా అల్ మన్సూర్ ఆయన్ని కార్డోబా దగ్గరి లూసెనాకు పంపేశాడు. అది ఎక్కువగా యూదులుండే ఊరు. తత్వం పుస్తకాలు తగలబెట్టమని ఆజ్ఞ వచ్చింది. వైద్యం, లెక్కలు, నమాజు వేళలకూ, నమాజులో తిరగాల్సిన కిబ్లా దిక్కుకూ కావలసినంత ఖగోళం మాత్రం మినహాయింపు.

కారణాలు రకరకాలుగా చెప్పారు. వాదనలో ఖలీఫాను 'విను తమ్ముడూ' అన్నట్టు చనువుగా సంబోధించేవారని ఒకటి. జంతుశాస్త్రం పుస్తకంలో జిరాఫీ గురించి రాస్తూ 'బర్బరుల రాజు దగ్గర చూశాను' అనడం ఇంకొకటి. ఏలికను అలా పిలుస్తారా అని కోపం వచ్చిందట. తాను రాసింది 'బర్రైన్', అంటే రెండు నేలల రాజు అని, నకలు రాసినవాడు చుక్కలు తప్పు చదివాడని ఆయన సమాధానం చెప్పుకున్నారట.

నాకు నమ్మదగ్గదిగా అనిపించేది రాజకీయ కారణం. అదే ఏడాది జూలైలో అలార్కోస్ దగ్గర క్రైస్తవ రాజ్యం కాస్టైల్‌తో పెద్ద యుద్ధం జరిగింది. యుద్ధకాలంలో రాజుకు సంప్రదాయ పండితుల మద్దతు కావాలి, వాళ్లకు ఈ ఖాజీ గిట్టడు. యుద్ధం సద్దుమణిగి మర్రకేష్ తిరిగి వెళ్లాక అదే ఖలీఫా ఆయన్ని మళ్లీ పిలిపించుకున్నాడు.

ఆ రోజుల్లో అన్నిటికన్నా బాధపెట్టింది ఏదో ఆయన మాటగా ఒకటి మిగిలింది. కొడుకు అబ్దుల్లాతో కలిసి మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజుకు కార్డోబాలో ఒక మసీదుకు వెళితే, కొందరు అల్లరిమూక లేచి ఇద్దరినీ బయటకు నెట్టేశారు. తాత ఇమాముగా నిలబడిన ఊరు అది.

గాడిద మీద ఒకవైపు శవం, ఇంకోవైపు పుస్తకాలు కట్టారట. కట్టుకథా?

చూసినవాడే రాశాడు. మర్రకేష్‌లో ఖననం చేసిన మూడు నెలలకు భౌతికకాయాన్ని కార్డోబాకు తరలించారు. అప్పుడు ముప్పయి మూడేళ్లున్న సూఫీ ఇబ్న్ అరబీ అక్కడున్నారు. బరువు మోసే జంతువుకు ఒకవైపు శవపేటిక కట్టాక, రెండోవైపు తూకం కోసం ఆయన రాసిన పుస్తకాలు కట్టారని, పక్కనున్న మిత్రుడు అది చూపించాడని రాశారు. "ఇటు ఇమాము, అటు ఆయన రాతలు. ఆయన ఆశలు నెరవేరాయో లేదో తెలిస్తే బాగుండు" అన్న అర్థంలో ఒక పద్యపాదం అక్కడే వచ్చింది. అది గాడిదే అని మాత్రం ఆయన అనలేదు.

## పోయిన తరువాత

ముస్లింలు మర్చిపోయారు, యూరప్ గుర్తుపెట్టుకుంది అంటారు కదా?

సగం నిజం. ఆయన తత్వానికి అరబ్బీలో శిష్యపరంపర బలంగా నిలవలేదు, అది వాస్తవం. కానీ న్యాయగ్రంథం 'బిదాయతుల్ ముజ్తహిద్' ఆగకుండా చదువుతూనే ఉన్నారు, నేటికీ మదరసాల్లో పాఠం. ఒక్కో సమస్యకు ఏ సంప్రదాయం ఏమందో రాసి, అందరూ అదే ఖురాన్, అదే హదీసులు చదివి ఎందుకు విడిపోయారో కారణం చెప్పడం ఆ పుస్తకం ప్రత్యేకత. మరో సంగతి కూడా చాలామంది వదిలేస్తారు: యూదు పండితులు. యాకోబ్ అనతోలీ వంటివారు హీబ్రూలోకి తెచ్చారు, గెర్సోనిదెస్ ఆయన వ్యాఖ్యానాలకే వ్యాఖ్యానాలు రాశారు. అరబ్బీ మూలం పోయిన కొన్ని గ్రంథాలు ఈ హీబ్రూ ప్రతుల వల్లే బతికాయి.

పారిస్‌లో ఆయన సిద్ధాంతాన్ని నిషేధించారట. అంత గొడవ దేనికి?

మైఖేల్ స్కాట్ వంటివారి లాటిన్ అనువాదాలతో పదమూడో శతాబ్దంలో ఆయన పుస్తకాలు విశ్వవిద్యాలయాలకు చేరాయి. అరిస్టాటిల్‌ను పేరెత్తకుండా 'తత్వవేత్త' అన్నట్టే, ఈయన్ని 'వ్యాఖ్యాత' అనేవారు. గొడవ బుద్ధి గురించి. ఇద్దరు పిల్లలు ఒకే సిద్ధాంతం నేర్చుకుంటే వాళ్లకు తెలిసింది ఒకటే కదా. ఆ ఒకటిగా ఉండే తెలివి ఇద్దరి తలల్లో రెండుగా ఎలా ఉంటుంది? గ్రహించే బుద్ధి మనుషులందరికీ ఒక్కటే, ఊహలూ జ్ఞాపకాలూ ఎవరివి వాళ్లవి అన్నారు ఇబ్న్ రుష్ద్. అలాగైతే చనిపోయాక నాదంటూ మిగిలే ఆత్మ ఏది, పాపపుణ్యాల ఫలం ఎవరికి అని చర్చి భయపడింది. క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ 1270లో దీనిమీదే ఒక ఖండన రాశారు: బుద్ధి అందరికీ ఒక్కటే అయితే 'ఈ మనిషి ఆలోచిస్తున్నాడు' అని ఎలా అంటాం? అదే ఏడాది పారిస్ బిషప్ 13 వాక్యాలను, 1277లో 219 వాక్యాలను నిషేధించాడు. అన్నీ ఈయనవి కావు, కొన్ని మాత్రమే.

డాంటే నరకంలో వేశాడట?

ఇటలీ కవి డాంటే తన 'డివైన్ కామెడీ' కావ్యంలో ఆయన్ని నరకపు మొదటి వలయంలో, శిక్షలు లేని చోట, అరిస్టాటిల్, ఇబ్న్ సీనాలతో కలిపి కూర్చోబెట్టాడు. 'మహావ్యాఖ్యానం చేసిన అవెరోస్' అని ఒక పాదం. క్రైస్తవుడు కానివాడికి ఆ కవి ఇవ్వగలిగిన పెద్దపీట అదే.

స్టార్ ఫ్రూట్‌కి ఆయన పేరు పెట్టారా?

అవును. ఆ చెట్టు శాస్త్రీయనామం 'అవెర్రోవా కరంబోలా'. వృక్షశాస్త్రవేత్త లినేయస్ పెట్టిన ఆ ప్రజాతి పేరు ఈయన గౌరవార్థమే. పుల్లటి బిలింబి కూడా అదే ప్రజాతి.

హైదరాబాద్‌తో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, చాలామందికి తెలియదు. 1888లో నిజాం కాలంలో ఇమాదుల్ ముల్క్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అన్వరుల్లా ఖాన్ వంటివారి పూనికతో పుట్టిన దాయిరతుల్ మారిఫ్ ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉంది. పాత అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేయడం దాని పని. ఆ సంస్థ 1947లో 'రసాయిల్ ఇబ్న్ రుష్ద్' పేరుతో ఆయన చిన్న వ్యాఖ్యానాలు ఆరింటిని ఒకే సంపుటంగా అచ్చువేసింది: భౌతికశాస్త్రం, ఆకాశం, ఉత్పత్తి వినాశాలు, వాతావరణం, ఆత్మ, తత్వమీమాంస. పాశ్చాత్య పండితుల పుస్తకాల అడుగున 'హైదరాబాద్, 1947' అని కనబడితే అది ఈ సంపుటమే.

నేను చదవాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టను?

'ఫస్లుల్ మకాల్'తో. చిన్నది, ఇంగ్లీషు అనువాదాలున్నాయి, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. తరువాత 'తహాఫుతుల్ తహాఫుత్'లో నిప్పు, దూది చర్చ ఉన్న పదిహేడో అధ్యాయం ఒక్కటి చదవండి. మా బృందంలో దాన్ని ఇద్దరు గొంతెత్తి చదువుతారు, ఒకరు గజాలీ భాగం, ఒకరు ఇబ్న్ రుష్ద్ భాగం. రెండోసారికి భాగాలు మార్చుకుంటారు.